ఎర్నాన్ దొర అరువు తాత

అనగనగా ఏడు సముద్రాలవతల ఐర్లాండు అని ఒక దీవి. ఎప్పుడు చూసినా వానే. నేను చూశానా పెట్టానా? పక్క ఊరికి బస్సెక్కితేనే కడుపులో తిప్పే మనిషిని, దీవుల సంగతి చెబుతున్నాను! సరే, ఊ కొట్టండి.

అక్కడ ఎర్నాన్ అని ఓ చిన్న దొర. పాడి ఉంది, కెల్లాక్ అని బంగారంలాంటి కొడుకున్నాడు, లసార్ అని చురుకైన కోడలుంది. ఇంకేం కావాలి? గొప్ప కావాలిట! వాళ్ళ తాతేమో ఎవరివో గొడ్లు కాశాడు. అది చెప్పుకోవాలంటే నామోషీ. నాలాగే కోతలు కోసే రకం, పాపం.

ఆ దేశంలో దొర విందు చేస్తే భట్టు లేచి తాతముత్తాతల పేర్లు పాడాలి. ఇలాంటి చిన్న దొరలందరి మీదా ఓ పెద్దరాజున్నాడు. ఎర్నాన్ తన భట్టుకో ఆవునిచ్చి, మా తాతని పెద్దరాజుగారి తాతకి తమ్ముణ్ణి చేసి పాడవయ్యా అన్నాడు. వాడు పాడేశాడు. తాతకి తమ్ముడు, ఆ తమ్ముడికి కొడుకు, ఆ కొడుక్కి కొడుకు మన ఎర్నాన్! ఇంక చూస్కోండి, మీసం దిగితేనా?

ఊ ఏదర్రా? నేనే నిద్రపోయేలా ఉన్నాను.

అంతలో పెద్దరాజు యుద్ధంలో ఓడిపోయాడు. ఓడినవాడు తన వంశంలో కుర్రాణ్ణొకణ్ణి గెలిచినవాడి దగ్గర తాకట్టు పెట్టాలి, అదీ అక్కడి ఆచారం. ఓడిన రాజు లొంగి ఉంటానన్న మాట తప్పాడా, కుర్రాడి తల తీసేస్తారు. సొంత కొడుకుల్ని పంపడానికి పెద్దరాజుకి ప్రాణం ఒప్పలేదు. ఎర్నాన్ మావాడేగా, వాడి కొడుకుని పట్టుకెళ్ళండి అన్నాడు. పైగా ఆ రాజు మాట తప్పడంలో దిట్ట!

ఎర్నాన్‌కి ఈ కబురు అందింది. లసార్ ఎదురొచ్చి నిలబడింది. "మీ గొప్పకి నా మొగుడి తల కావాలా మామయ్యా? వెళ్ళి నిజం చెప్పండి" అంది.

వెళ్ళాడు. గెలిచిన రాజుగారి నిండు సభలో నోరు విప్పాడు. అయ్యా, మా తాత గొడ్లు కాశాడు, ఆ గొడ్లు కూడా ఆయనవి కావు, ఆయన నిద్రపోతే ఆవులే ఆయన్ని ఇంటికి తోలుకొచ్చేవి అన్నాడు. సభంతా పడీపడీ నవ్వింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తనూ నవ్వాడు. ఇలాంటి తాతని అబద్ధానికి ఎవడు చెప్పుకుంటాడని రాజు కెల్లాక్‌ని వదిలేశాడు. పెద్దరాజు సొంత కొడుకునే పంపుకోవాల్సొచ్చింది. మాట తప్పడం కూడా మానేశాడుట, చచ్చినట్టు!

తర్వాత లసార్ పిల్లలు, వాళ్ళ పిల్లలు, ఎన్ని తరాలో ఆ నేలని చల్లగా ఏలారు. పిల్లలు ఇంట్లో ఉంటే చాలర్రా, తాత ఎవరైతేనేం? ఆ పెద్దరాజు పేరా? అంత గొప్పవాడు... చచ్చినా గుర్తు రావట్లేదే!

పోనీండి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.