చెడగొట్టినవాడి కోసం బాగుచేసినవాడి సిఫారసు

ఏమర్రా, నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెడితే నూనె ఎందుకు సరిగ్గా రాదో ఎవరైనా చెప్పగలరా?

తెలీదా? లోపలికి గాలి పోతేనే బయటికి నూనె వస్తుంది. అందుకే రెండో చిల్లు. ముప్పై ఏళ్లు బళ్లో సైన్సు చెప్పిన మీ అమ్మమ్మ, అదే నేను, పోయినవారం ఒక్క చిల్లే పెట్టి, డబ్బాని పిండి పిండి, సగం నూనె చీరకే పోసుకుంది. నవ్వండి, పరవాలేదు. ఈ సంగతి మరిచిపోయి కొలువే పోగొట్టుకోబోయిన వాడొకడున్నాడు. వాడి కథ వినండి.

రేగడివలస సంస్థానంలో ఒక పాత టిప్పర్ లారీ ఉండేది. ముందున్న మీట లాగితే చాలు, వెనక తొట్టి దానంతటదే పైకి లేచి మట్టి కుమ్మరించేది. తొట్టి కింద ఒక పంపు, ఒక నూనె ట్యాంకు. పంపు నూనెని తోస్తే, ఆ నూనె తొట్టిని ఎత్తుతుంది. అంతే కిటుకు.

దాన్ని ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నవాడు పైడయ్య. వాడికి వేరే పని రాదు. వాళ్లావిడ మాటల్లో చెప్పాలంటే, అదీ అంతంతమాత్రమే.

దసరా వెళ్లిన మర్నాడు రాజావారికి ఒక సరదా పుట్టింది. పొరుగు రాజావారు విందుకు వస్తున్నారు. ఆయన కారు దిగగానే లారీడు బంతిపూలు ఎదుట కుమ్మరించాలి.

పైడయ్య మీట లాగి చూశాడు. తొట్టి జానెడు లేచి ఆగిపోయింది. మళ్లీ లాగాడు. ఊహూఁ.

రాజావారికి కోపం వచ్చింది. "దీన్ని బాగుచేసినవాడు ఏమడిగినా ఇస్తాను. చెడగొట్టినవాడిని మాత్రం ఈ తొట్టిలోనే ఎక్కించి పేడగుంటలో కుమ్మరిస్తాను. ఆ పైన వాడికి నా కొలువులో చోటు లేదు" అన్నారు.

ఇంజనీరు చిదంబరరావుగారు కోటు గుండీలు పెట్టుకుంటూ ముందుకొచ్చారు. ఆయన జేబులో మూడు కలాలుండేవి, ఒక్కదానిలోనూ సిరా ఉండేది కాదు. రెండు రోజులు పంపు విప్పారు, బిగించారు. నూనె ట్యాంకు మూత వంక చూడనైనా లేదు. మూత విప్పడం నౌకర్ల పని అని ఆయన అభిప్రాయం.

"పంపు చచ్చిపోయింది ప్రభూ. మొరటు చేతుల్లో పడితే అంతే మరి" అని పైడయ్య వంక చూశారు.

ఆ మధ్యాహ్నం పైడయ్య తొట్టి కింద దుంగ ఆనించి లోపలికి దూరాడు. దుంగ పెట్టకుండా ఎత్తిన తొట్టి కింద తల పెట్టకూడదు, గుర్తుంచుకోండి. నూనె ఎంత ఉందో చూద్దామని ట్యాంకు మూత తిప్పాడు. 'స్స్' మంటూ గాలి లోపలికి దూసుకుపోయింది.

వాడు మూతని వెలుగులోకి తెచ్చి పైవైపు చూశాడు. గాలి పోవడానికి దాని నడిమధ్య ఒక సన్నని బెజ్జం ఉండాలి. దాని మీద పసుపూ కుంకుమా రాయిలా గట్టిపడి ఉన్నాయి. ఆ గడ్డ మీద ఒక బొటనవేలి ముద్ర.

పైడయ్య తన బొటనవేలు దాని మీద పెట్టి చూసుకున్నాడు. అతికినట్టు సరిపోయింది.

ఆయుధపూజ నాడు లారీకి బొట్లు పెట్టింది వాడే. అన్నిచోట్లా పెట్టాక, లారీకి బొడ్డు లాంటి చోటు వదిలేయడం ఏం మర్యాదని మూతకీ పెట్టాడు. ఊడిపోకుండా బెల్లం పాకం కూడా కలిపాడు. తన తెలివికి ఆ రోజు తానే మురిసిపోయాడు.

"ఓలమ్మ, నిన్ను చెడగొట్టింది నేనే" అన్నాడు లారీతో, మూత మళ్లీ బిగిస్తూ.

లారీ వినలేదు గానీ, అటువైపు నిలబడ్డ చిదంబరరావుగారు విన్నారు. అట్నుంచటే దర్బారుకి పరిగెత్తారు.

రాజావారు లారీ దగ్గరకే వచ్చారు. "ఏరా, చెడగొట్టింది నువ్వేనా?"

"నేనే ప్రభూ."

"అయితే ఎక్కు."

పైడయ్య తువ్వాలు దులుపుకుని తొట్టిలో కూర్చున్నాడు. లారీ పేడగుంట దాకా వెళ్లింది. చిదంబరరావుగారు ఉత్సాహంగా మీట లాగారు. తొట్టి జానెడు లేచి ఆగింది. పైడయ్య చక్కగా కూర్చునే ఉన్నాడు.

"కొత్త పంపు ఓడ మీద రావాలి ప్రభూ, నాలుగు నెలలు పడుతుంది" అన్నారు చిదంబరరావుగారు.

"అందాకా వీడు తొట్టిలోనే ఉంటాడా?"

"అన్నం ఇక్కడికే పంపిస్తే ఉంటాను" అన్నాడు పైడయ్య. "సెలవిస్తే దిగి బాగుచేస్తాను. తర్వాత తమరు హాయిగా కుమ్మరించుకోవచ్చు."

"తన్ను పారబోసే బండిని తానే బాగుచేసుకునే వెర్రివాణ్ణి ఇప్పుడే చూస్తున్నా" అని చిదంబరరావుగారు పకపకా నవ్వారు.

"నా తెలివి తమకు తెలిసిందే కదండీ" అంటూ పైడయ్య దిగాడు. మూత విప్పి, గడ్డ గోకేసి, చీపురుపుల్లతో బెజ్జం పొడిచి, మళ్లీ బిగించి మీట లాగాడు. తొట్టి నిటారుగా ఆకాశంలోకి లేచింది.

రాజావారి మొహం విప్పారింది. అంతలోనే మాట గుర్తొచ్చి గంభీరమయ్యారు. "భేష్. తొట్టి దించి, ఇక ఎక్కు."

పైడయ్య చేతులు కట్టుకున్నాడు.

"ఎక్కుతాను ప్రభూ. కానీ బాగుచేసినవాడు ఏమడిగినా ఇస్తానన్నారు. ఆ బాగుచేసినవాడేమో, చెడగొట్టినవాణ్ణి కొలువులోనే ఉండనిమ్మని అడుగుతున్నాడు. వాడి మీద వీడికి గౌరవమేమీ లేదు గానీ, రోజూ గడ్డం గీసుకునేటప్పుడు మొహం చూడాలి కదండీ."

రాజావారు నవ్వీ నవ్వీ లారీ చక్రం పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. భుజం మీది జరీ శాలువా తీసి చిదంబరరావుగారి చేతికిచ్చి, "కప్పండి వాడికి. చెడగొట్టినవాణ్ణి క్షమించాం, ఇది బాగుచేసినవాడికి" అన్నారు.

సరే, లేవండి. మేడ మీద వడియాలు సగం పెట్టి వచ్చాను, పిండి పులిసిపోతుంది.