ఏటిమొగ సర్పంచి

1986 మే 14. పొద్దున్నుంచీ పడమటిగాలి సెగలు కక్కుతోంది, సముద్రం మీద ఒక్క మబ్బు లేదు. తేదీ ఎందుకు గుర్తుందంటే, ఆ రోజు మా ఊరికి బస్సు రాలేదు. మర్నాడూ రాలేదనుకోండి, అది వేరే సంగతి.

ఏటిమొగ దగ్గర ఇసుకదిబ్బ మీద ఉండేవి నాలుగే: పిల్లతల్లి మేక, గాడిద, కొంగ, ఏడాది కిందట మెరక ఊరి నుంచి దిగిన నక్క. సర్పంచిగా ఉన్న ముసలి గేదె ముందురోజే పోయింది. దిబ్బకున్న ఆస్తల్లా ఒక చెలమ. ఇసుకలో జానెడు గీకితే తియ్యటి నీళ్లూరే గుంట. సర్పంచి అందరి తర్వాత తాగడం అక్కడి ఆచారం.

నక్క ఒకచోట నిలవలేక గుంట చుట్టూ తిరుగుతోంది.

"ఇక సర్పంచిని నేనే. ముందు నేను తాగుతాను. మిగిలితే మీకు."

"మిగలకపోతే?" అంది మేక. పక్కన పిల్ల నాలుక బయటపెట్టి రొప్పుతోంది.

"మీ ఖర్మ!"

"బావ మాటే నా మాట," అంది కొంగ.

మేక నక్క వైపు తిరిగింది. "సరే బావా. కానీ నీ అంతటివాడికి ఈ జానెడు గుంటేమిటి? మీ ఊళ్లో బావులెంత లోతు?"

"తాటిచెట్టంత!"

"అలాంటిదొకటి తవ్వుకో. అది నీది, ఈ గుంట మాది. సరేనా?"

"సరే! తర్వాత ఏడవకండి."

గాడిద ఏదో చెప్పబోయింది. మేక దాని కాలు తొక్కింది.

నక్క అవతల తవ్వడం మొదలుపెట్టింది. జానెడులోనే తియ్యటి నీరు తగిలింది.

"చాలు బావా, ఆగు," అంది కొంగ కంగారుగా.

"మీ బతుకులింతే, జానెడు!" అంటూ నక్క ఇంకా తవ్వింది. నీళ్లు బుసబుసా పొంగాయి. ఆత్రంగా నాలుగు గుక్కలు మింగింది.

"థూ! ఉప్పు! మోసం!"

"మోసమేముంది? ఇక్కడ మంచినీళ్లు పైపైనే. కింద ఉన్నది సముద్రమే. మా పిల్లకీ తెలుసు. ఏలతానన్నావు, మమ్మల్ని ఒక్క మాటైనా అడిగావా?"

"అక్కా, ఒక్క గుక్క..."

"గుంట మాదని నువ్వే ఒప్పుకున్నావుగా బావా!"

నక్క ఎండలో మెరకదారి పట్టింది.

ఏలబోయే ఊరిని ముందు అడిగి తెలుసుకోవాలి. నీతి అంతే.

గేదె మెడగంట గాడిదకు దక్కింది. ఉప్పుగుంటలో పీతలు చేరాయి, అవి కొంగకు. మేకకు పదవి, దాంతోపాటు అందరి తర్వాత తాగే దాహం. చెలమలో మొదటి గుక్క పిల్లది. నక్కకు ఏమీ రాలేదు.