టెంకాయ రాని ఇళ్ళు

ఓబులేసుకు కాలు ఒకచోట నిలవడం లేదు. నేల ఉసిరి పసరు తాగి పసిబిడ్డకు కామెర్లు తగ్గితే, ఆ ఇంటివాళ్ళు వైద్యుడికి ఒక టెంకాయ ఇచ్చిపోవడం ఆ ఊళ్ళో ఆనవాయితీ. రెండు నెలల్లో వసారాలో పంతొమ్మిది టెంకాయలు పోగుపడ్డాయి. వాటిని వరసగా పేర్చి, ఒకటికి నాలుగుసార్లు లెక్కపెట్టుకుని, పరుగున లోపలికి వెళ్ళి గురువు చెంచురామయ్య ముందు వాలాడు.

"సామీ, పంతొమ్మిది మంది! ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాల? బోర్డు రాయిస్తా. పసిబిడ్డలకు కామెర్లొస్తే ఇంక ఎవురూ ఆసుపత్రికి పోనక్కర్లేదని!"

చెంచురామయ్య మందు నూరుతూనే అడిగాడు. "పసరు ఎంతమందికి ఇచ్చినావురా?"

"ఇరవై ఒక్కరికి."

"మరి ఆ ఇద్దరూ?"

"మరిచిపోయుంటారులే సామీ."

ముసలాయన లేచి వసారాలోకి వచ్చి, వరసలోంచి రెండు టెంకాయలు తీసి శిష్యుడి సంచిలో వేశాడు. "ఆ ఇండ్లకు మనమే ఇద్దాం. పోయి ఇచ్చి రా."

వైద్యుడే టెంకాయ మోసుకెళ్ళడమా! ఎవరైనా వింటే నవ్విపోరూ? గొణుక్కుంటూనే సైకిలెక్కాడు ఓబులేసు.

మొదటి ఇంట్లో బిడ్డ నిక్షేపంగా ఉన్నాడు. కాళ్ళూ చేతులూ ఆడిస్తూ కేరింతలు కొడుతున్నాడు. ఓబులేసు ముఖం వెలిగిపోయింది.

"చూసినావా అక్కా, మా పసరు మహిమ!"

ఆ తల్లి నాలుక కరుచుకుంది. "ఏమనుకోవద్దు నాయనా. ఆ పసరు మా అత్త పారబోసింది. ఒక్క చుక్క కూడా తాపలేదు. వారం దినాలకు దానంతట అదే తగ్గిపాయ. ఏ ముఖం పెట్టుకుని టెంకాయ తెచ్చేది?"

ఓబులేసు టెంకాయ అరుగు మీద పెట్టి సైకిలు తిప్పాడు.

రెండో ఇంటి బాలింత ఓబుళమ్మ అతన్ని చూడగానే గడపలోకి వచ్చింది. "అయిదు దినాలుగా తాపుతానే ఉండామన్నా. తగ్గినంక టెంకాయ తెద్దామని చూస్తాండాం."

బిడ్డకు అరికాళ్ళ దాకా పసుపు దిగింది. రొమ్ము నోటికిచ్చినా పట్టడం లేదు. గిల్లినా ఏడవడం లేదు.

తను రాయించబోయిన బోర్డు ఓబులేసు కళ్ళ ముందు మెదిలింది. "లెయ్ తల్లీ, ఆసుపత్రికి!"

"మరి మీ మందు..."

"మందు సంగతి తర్వాత! ముందు బిడ్డనెత్తుకో!"

సైకిలు అక్కడే పడేసి, దారిన పోయే ఆటోకు అడ్డంగా నిలబడ్డాడు.

ఆసుపత్రిలో బిడ్డను నీలం లైటు కింద పడుకోబెట్టారు. మర్నాడు మధ్యాహ్నానికి కళ్ళు తెరిచి, తల్లి పాలు చప్పరించింది. ఆ చప్పుడు విని ఓబులేసు వరండాలో కూలబడి ఏడ్చాడు, అంతలోనే నవ్వాడు. అక్కణ్ణుంచి పరుగున వచ్చి జరిగిందంతా ఒక్క ఊపిరిలో గురువుకు చెప్పేశాడు.

"ఇంతకీ మన పసరు పనిచేస్తాదా, చెయ్యదా సామీ?"

చెంచురామయ్య నూరుతున్న మందు పక్కన పెట్టాడు.

"తెలీదురా" అన్నాడు. "నలభై ఏండ్లుగా ఇస్తాండా. వచ్చినోళ్ళ మాటే వింటి. రానోళ్ళ గడప తొక్కడం ఇదే మొదలు. అదీ నీ కాళ్ళతో."