ఎదిగే పిల్లకు యాభై నాలుగు

ఓబులపతి సార్‌కు ఒక అలవాటు ఉండేది. సైకిల్ దిగీ దిగగానే ఎవరైనా ఏదైనా అడిగితే "ముందు నీళ్ళు తాగు" అనేవారు. చాలా ప్రశ్నలు ఆ నీళ్ళతోపాటే కడుపులోకి వెళ్ళిపోయేవి. తాగిన తరువాత కూడా ప్రశ్న మిగిలి ఉంటే ఆయన తల ఊపి ఊరుకునేవారు. జవాబు ఆ రోజే రావచ్చు, వారం తరువాత రావచ్చు. మాట రూపంలో మాత్రం దాదాపు ఎప్పుడూ వచ్చేది కాదు.

ఆయన రైల్వేలో ఉద్యోగం చేసి, రైల్వే జట్టు తరఫున చాలా ఏళ్ళు సైకిల్ పందేలు తొక్కి, గుత్తిలోనే స్థిరపడ్డారు. తెల్లవారగానే కోట కింద నుంచి అనంతపురం దిక్కుగా పోయే పాత రోడ్డు మీద మా పదిమంది చేత సైకిళ్ళు తొక్కించేవారు. పైసా అడిగేవారు కాదు. మా ఊళ్ళో రోడ్డు సైకిల్ అనే వస్తువును చూసిన ప్రతివాడూ ఆయన పుణ్యాన చూసినవాడే.

కొత్తగా చేరినవాళ్ళను మొదటి రోజు సైకిల్ ముట్టనిచ్చేవారు కాదు. చెప్పులు విప్పించి, గోడకు వీపు ఆనించి నిలబెట్టి, రెండు తొడల మధ్య ఒక అట్టపుస్తకాన్ని పైకి నొక్కి పట్టుకోమనేవారు. పుస్తకం అంచు నుంచి నేల దాకా టేపు పెట్టి కొలిచేవారు. సెంటీమీటర్లలో వచ్చిన ఆ సంఖ్యను సున్నా పాయింటు ఆరు ఆరుతో గుణిస్తే కావలసిన ఫ్రేము కొలత ఇంచుమించుగా తేలుతుంది. ఆ తరువాత చేతుల పొడవు, నడుము నుంచి మెడ దాకా పొడవు చూసి ఒకటో రెండో అటూఇటూ సర్దేవారు. "ఎత్తు ఒకటైతే ఫ్రేము ఒకటని కాదు. ఒకనికి కాళ్ళు పొడుగు, ఇంకొకనికి వీపు పొడుగు. సీటు ఎక్కించొచ్చు, దించొచ్చు. ఫ్రేము మాత్రం పుట్టినప్పుడు ఎంతో చచ్చేదాకా అంతే" అనేవారు.

గంగరత్నకు ఆ కొలత డెబ్బై ఆరు వచ్చింది. అంటే యాభై ఫ్రేము. ఆమెకు అప్పుడు పదిహేడేళ్ళు. తండ్రి లేని పిల్లను మేనమామ ముత్యాలప్ప ఇంట్లో పెట్టుకుని చదివిస్తున్నాడు. ఆయన గుత్తిలో పేరున్న దర్జీ. బడి తెరిచే ముందు ఊళ్ళో సగం పిల్లల యూనిఫారాలు ఆయన మిషను కిందనే పుట్టేవి. ప్రతి లంగాకూ ప్రతి నిక్కరుకూ లోపల వెడల్పుగా మడత పెట్టి కుట్టేవాడు. పిల్ల ఎదిగిన కొద్దీ ఏటా కొంచెం విప్పుకోవచ్చు. తల్లులు ఆ మడత కోసమే ఆయన దగ్గరికి వచ్చేవారు.

మేనకోడలు జిల్లా జట్టు ఎంపికకు పోతుందని తెలిసిన రోజు ముత్యాలప్ప ఎవరికీ చెప్పకుండా బెంగళూరు బస్సెక్కాడు. రెండో రోజు బస్సు పైకప్పు మీద నుంచి మెరిసిపోయే ఎర్ర సైకిలొకటి దింపాడు. ఫ్రేము మీద కొలత అచ్చేసి ఉంది: యాభై నాలుగు.

"కొట్టాయన పిల్ల ఎత్తు అడిగి రెండు సైజులు చూపించినాడు సార్" అన్నాడు, గర్వంతో మెరిసిపోతూ. "చిన్నది తీసుకుంటే రేపు మళ్ళా చిన్నదైపోతాది. ఎదిగే పిల్ల కదా! లోపల మడత పెట్టించుకొని వచ్చినా అనుకోండి."

సార్ గంగరత్న వైపు తిరిగి "సరిపోయిందా?" అని అడిగారు.

"భలే ఉంది సార్" అంది గంగరత్న.

అది అడిగినదానికి జవాబు కాదని మాకందరికీ తెలిసింది. సార్ తల ఊపారు.

మూడు నెలలు గడిచాయి. పాత సైకిల్ మీద మా అందరికంటే ముందుండే పిల్ల, కొత్త సైకిల్ మీద మా వెనకాల రావడం మొదలుపెట్టింది. ఎదురుగాలిలో వంగి కింది హ్యాండిల్ పట్టుకోవలసిన చోట ఆమె చేతులు అందేవి కావు. మోచేతులు కర్రల్లా బిగుసుకుపోయేవి. సీటు మొనకు జరిగి కూర్చునేది. దిగిన తరువాత అరచేతులు తిమ్మిరెక్కి సీసా మూత తిప్పలేకపోయేది.

"ఏమ్మే గంగా, సైకిల్ తొక్కుతాండావా, నిచ్చెన ఎక్కుతాండావా?" అని మాలో ఒకడైన సుంకన్న అనేవాడు.

"నువ్వు ముందు నీ చైనుకు నూనె పెట్టుకోరా. కూత ఊరంతా వినబడుతోంది" అని ఆమె బదులిచ్చేది. కానీ మెడ రుద్దుకుంటూనే అనేది.

ఎంపిక పందేనికి ఇక ఎనిమిది రోజులు ఉన్నాయనగా, ఒక శనివారం ఆమె సైకిల్ దిగి సార్ దగ్గరికి వెళ్ళింది. ఆయన నీళ్ళు తాగమన్నారు. తాగింది. అయినా కదలలేదు.

"సార్, మనకు ఎంతో మేలు చేసినవాళ్ళు ఒకటి ఇస్తారనుకోండి. అది మనకు కుదరలేదనుకోండి. ఆ మాట వాళ్ళకు చెప్పొచ్చునా? చెప్తే విశ్వాసం లేనట్టు కాదా?"

"ఎవరి సంగతి?"

"ఊరికే అడుగుతుండా సార్."

సార్ తల ఊపి, తన సైకిల్ తుడుచుకోవడానికి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆదివారం. ప్రతి ఆదివారం ముత్యాలప్ప మా అందరికీ పెద్ద క్యానులో రాగి జావ తెచ్చేవాడు. మేనకోడలిని తీర్చిదిద్దుతున్నందుకు సార్‌కు ఏమైనా చేయాలని ఆయనకు ఎప్పటి నుంచో ఉంది. వారం క్రితం ఒక తెల్లచొక్కా కుట్టి ఇచ్చాడు. కొలతలు ఇస్తానని సార్ కొట్టుకు వెళితే టేపు తీయనే లేదట. "మీకు కొలతేంది సార్, చూపులోనే దొరికిపోతారు" అన్నాడట. ఆ ఆదివారం సార్ ఆ చొక్కా వేసుకుని వచ్చారు.

"అబ్బబ్బ! పెండ్లికొడుకు మాదిరి ఉండారు సార్!" అని ముత్యాలప్ప జావ పోయడం కూడా ఆపేశాడు.

"ముత్యాలప్పా, చంకల్లో పట్టేస్తాంది" అన్నారు సార్, మామూలు గొంతుతో. "ఇదో చూడు, చెయ్యి ఇంతకంటే లేవదు."

మా చేతుల్లో గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఇచ్చినవాడి ముఖం మీదనే, అందరి ముందూ అలా అనేశారే అనుకున్నాం. గంగరత్న తలెత్తి సార్‌నే చూస్తోంది. ముత్యాలప్ప ముఖం ఒక్క క్షణం వాడింది. ఆ తరువాత ఆయనలోని దర్జీ మేలుకున్నాడు. దగ్గరికి వచ్చి, భుజం కుట్టు మీద వేలు పరుగెత్తించి, చంక కింద గుడ్డ పట్టి లాగి చూశాడు.

"అవునే! అర అంగుళం తక్కువ పడింది. ఇప్పండి సార్."

"ఇక్కడనా?"

"యాడైతేనేం! ఇప్పండి ముందు."

రోడ్డు పక్కన, లారీలు పోతుండగా, మా గురువుగారు బనీనుతో నిలబడ్డారు. సుంకన్న జావ గ్లాసులో మూతి దాచుకుని నవ్వాడు. ముత్యాలప్ప చొక్కాను తిరగేసి కుట్టు చూసుకుంటూ తనలో తాను అన్నట్టు అందరికీ వినబడేలా అన్నాడు:

"వారం నుంచి ఈ మాట ఏంటికి దాచిపెట్టినారు సార్? 'పట్టలేదప్పా' అని తిరిగొచ్చే గిరాకీతో నాకు బాధ లేదు. విప్పుతా, కుడతా. 'బాగుంది, బాగుంది' అని పెట్టెలో పెట్టేసుకుంటారు చూడండి, వాళ్ళతోనే నాకు తంటా. వాళ్ళు మళ్ళా నా కొట్టు మెట్టెక్కరు. నేనేం తప్పు చేసినానో నాకు ఎప్పటికీ తెలీదు."

సార్ ఎవరి వైపూ చూడలేదు. తన గ్లాసులో జావ ఊదుకుంటూ ఉండిపోయారు.

"మామా" అంది గంగరత్న. "సైకిల్ గూడా."

"సైకిల్‌కేమాయె?"

"పట్టలేదు మామా. పెద్దదాయె."

ముత్యాలప్ప నవ్వబోయాడు. "పెద్దదైతే ఎదుగుతావు లేమ్మా!"

"రెండేండ్ల నుంచి ఇదే ఎత్తు మామా. నేనింక ఎదగను."

"సీటు దించుకో మరి."

"దించినా. ముందుకు జరిపినా. హ్యాండిల్‌ను పట్టుకునే గొట్టం గూడా పొట్టిది వేయించినా. అయినా చేతులు అందవు."

"నాలుగు సెంటీమీటర్లే కదమ్మా తేడా! ఒక్క మడతలో పోతాదే అది!"

"గుడ్డ కాదు కదప్పా, మడత పెట్టనీకి" అన్నారు సార్ మెల్లగా.

ముత్యాలప్ప చేతిలోని చొక్కాను మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. "ఎన్నాళ్ళ నుంచి నొప్పి?" అని అడిగాడు చివరికి.

"వచ్చినప్పటి నుంచీ."

"మూడు నెలలూ నాకాడ నవ్వుకుంటా తిరిగినావా?"

"నీకు బాధయితాదని."

"నాకు బాధయితాదని నీ మెడ ఇరగ్గొట్టుకుంటావా?" అన్నాడు. ఆ గొంతు కోపం గొంతు కాదు. అందుకే ఆ పిల్లకు మరీ ఏడుపొచ్చింది. ఆయన క్యాను అక్కడే వదిలేసి, చొక్కా చంకలో పెట్టుకుని, మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం సార్ ఇంటి రేకుల షెడ్డులో పని జరిగింది. గంగరత్న మొదట నేర్చుకున్న పాత ఇనుప ఫ్రేము, యాభై, రంగు పోయి అక్కడే వేలాడుతోంది. దాని చక్రాలు బరువు, గేర్లు అరిగిపోయినవి. సార్ ఎర్ర సైకిల్‌ను విప్పి చక్రాలు, గేర్లు, పెడళ్ళు, బ్రేకులు, సీటు ఒక్కొక్కటే పాత ఫ్రేముకు ఎక్కించారు. ఎక్కనిచోట రెండు వాషర్లు వేసి ఎక్కించారు. సాయంత్రానికి ఒక వింత సైకిల్ తయారైంది. దాని ఒళ్ళు ముసలిది, కాళ్ళు కొత్తవి. గంగరత్న ఎక్కి, వంగి, కింది హ్యాండిల్ పట్టుకుంది. మోచేతులు వాటంతటవే వంగాయి. ఆమె వీధి చివరిదాకా పోయి వచ్చింది. ముఖంలో సంతోషం లేదు. మిగిలిన ఉత్త ఎర్ర ఫ్రేమును భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోయింది.

వారమంతా ముత్యాలప్ప రోడ్డు వైపు రాలేదు. ఇంట్లో మాట్లాడుతున్నాడట, అన్నం పెట్టుకున్నావా అని అడుగుతున్నాడట, సైకిల్ ఊసు మాత్రం ఎత్తడం లేదట. గంగరత్న మాత్రం రోజు రోజుకూ వేగం పెంచింది. దిగినప్పుడల్లా ఒక్కటే మాట: "మామ ఎంపికకు రాకపోతే ఎట్ల సార్? జట్టులో ఉంటే ఏం, లేకపోతే ఏం?" సార్ నీళ్ళు తాగమనేవారు.

ఎంపిక పందెం అనంతపురం బయట. ఒక్కొక్కరినీ నిమిషం తేడాతో వదులుతారు. పది కిలోమీటర్లు పోయి, తిరిగి రావాలి. ఎవరి సమయం వాళ్ళది. మేము సార్‌తో కలిసి రోడ్డు మలుపు తిరిగే చోట నిలబడ్డాం. గంగరత్న బయలుదేరే వేళకు రోడ్డు అవతల మోపెడ్ ఆగింది. ముత్యాలప్ప దిగాడు. ఇటు దాటి రాలేదు. అక్కడే, ఎండలో, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

జిల్లా జట్టుకు నలుగురిని తీసుకున్నారు. గంగరత్న మూడో పేరు. ఆ సంగతి మధ్యాహ్నానికి గాని తెలియలేదు. నేను చెప్పేది అంతకుముందు, ఆమె ఆ మలుపు దగ్గరికి వచ్చిన క్షణం.

తనకంటే నిమిషం ముందు పోయిన అమ్మాయిని ఆమె మా కళ్ళ ముందే దాటేసింది. వీపు నేలకు సమాంతరంగా వంగి ఉంది. మోచేతులు సన్నగా వంగి ఉన్నాయి. తల కూడా కదలడం లేదు. ఆ రంగుపోయిన ఫ్రేము ఎక్కడ ముగిసిందో పిల్ల ఎక్కడ మొదలైందో తెలియలేదు. కింద ఎర్ర సైకిల్ చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. మామను చూసింది. చెయ్యి ఎత్తలేదు, ఎత్తే వీలు లేదు అక్కడ. ఒక్కసారి పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. అది మూడు నెలలు ఇంట్లో నవ్విన నవ్వు కాదని ముత్యాలప్పకూ తెలిసినట్టుంది. ఆయన రెండు చేతులూ పైకెత్తి "పో తల్లీ, పో! పో!" అని రోడ్డంతా వినబడేలా అరిచాడు. ఆమె పోయింది.

దుమ్ము తగ్గాక ఆయన రోడ్డు దాటి మా దగ్గరికి వచ్చాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"భలే పోయింది సార్. మీరు చేసిన మేలు ఈ జన్మకు మరవను." కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నేనిచ్చింది మాత్రం కొట్లో గోడకు ఏలాడుతోంది."

ఓబులపతి సార్ ఇంకా రోడ్డు వైపే చూస్తున్నారు.

"నువ్విచ్చింది ఇప్పుడే ఆ మలుపు దాటింది, ముత్యాలప్పా" అన్నారు.