నరకవలసింది ఏది?

ద్రాక్షతోటల మీద బతికే ఒక కొండసీమను మల్కీయా అనే దొర ఏలేవాడు. కూతురి పెళ్ళిలో ఆయన ఒళ్ళు తెలియకుండా ద్రాక్షరసం తాగి, వియ్యంకుణ్ణి నానా మాటలూ అని, చివరికి గొర్రెల దొడ్లో పడి నిద్రపోయాడు. తెల్లారి సిగ్గుతో మండిపడ్డాడు.

"మత్తులో పడవద్దని లేఖనాలు చెప్పనే చెప్పాయి. నన్ను పడగొట్టినదాన్ని మొదలంటా నరికేయండి. తోటలన్నీ కొట్టేయండి!" అని ఆజ్ఞ ఇచ్చాడు.

చిన్న తోట ఒకటి పెట్టుకుని బతుకుతున్న తిర్సా అనే ఆమెకూ ఆ ఆజ్ఞ అందింది. ఆమెను ఒక సందేహం పట్టుకుంది. పెళ్ళిలో అందరూ తాగింది ఒకే బానలోది కదా, మరి పడింది దొర ఒక్కడేనేం? ఇల్లిల్లూ తిరిగి అడిగింది. అందరూ తలా ఒక గిన్నెడు తాగి, దేవుడికి దండం పెట్టుకుని, నవ్వుకుంటూ ఇంటికి నడిచి వెళ్ళినవాళ్ళే.

ఆమె గొడ్డలి తీసుకుని తిన్నగా కొలువుకు వెళ్ళింది.

"తోట నరకడం అయిందా?" అన్నాడు మల్కీయా.

"లేదు దొరా. తమరిని పడగొట్టినదాన్నే కదా నరకమన్నారు? ఆ ద్రాక్షరసం ఊరంతా తాగింది, ఇంకెవరూ పడలేదు. మళ్ళీ మళ్ళీ బాన దగ్గరికి వెళ్ళింది తమరి కుడిచెయ్యి ఒక్కటే. కాస్త ఇలా చాపండి."

మల్కీయా గొడ్డలి వంక చూశాడు, తన చెయ్యి వంక చూసుకున్నాడు. మెల్లగా దాన్ని పైబట్టలోకి లాక్కున్నాడు.

"తోటల జోలికి ఎవరూ వెళ్ళకండి," అన్నాడు. "దీని సంగతి నేను చూసుకుంటాను."