ఓబులమ్మ ఆకు

కొండమీది నరసింహస్వామికి ఒక దండం. మందునిచ్చే నేలతల్లికి ఒక దండం. పనులు ఆపుకుని వచ్చి కూర్చున్న మీకొక దండం. ఇక వినండి.

అనగా అనగా, మా తాతల తాతలకే లెక్క తెలియని కాలంలో, నల్లమల కింద కోనపల్లె అని ఒక ఊరు. ఆ ఊళ్లో శరభయ్య అని ఒక వైద్యుడు. ఆయనింట్లో మందులు నూరే మనిషి ఓబులమ్మ. అక్షరం ముక్క రాదు. కానీ ఏ వేరు ఎన్నాళ్లు నానాలో, ఏ గింజ ఎంతసేపు ఉడకాలో ఆమె చేతులకు తెలుసు.

శరభయ్య దగ్గర తాటాకుల వైద్యపుస్తకం ఉండేది. ఏడు తరాలవాళ్లు మందులు ఇచ్చి చూసి, దిద్ది దిద్ది రాసిన పుస్తకం. అలాంటిది చేతిలో ఉంటే కుర్ర వైద్యుడు కూడా ధన్వంతరి అంతటివాడు. అందుకే మూడూళ్ల నుంచి ముగ్గురు వైద్యులు వచ్చి నకలు రాసుకుపోయారు.

ఇప్పుడు కడుపు మండే మాట చెబుతా. నకలుకు ఇచ్చే ముందు శరభయ్య ఒక ఆకు తీసి దూలంలో దోపాడు. ఏ ఆకు? నాభివేరును శుద్ధి చేసే పద్ధతి రాసిన ఆకు! నాభి అంటే విషం తల్లీ. మూడు రోజులు గోమూత్రంలో నానాలి, ఆపైన ఆవుపాలలో ఉడకాలి, అప్పుడే మందు. ఒక ఆకు దాచుకోవడం అప్పటి వైద్యుల ఇళ్లలో ఆచారం. ఇంటి గుట్టు అనేవాళ్లు. గుట్టట, గుట్టు!

ఓబులమ్మ కూతురు నాగులును ఆ మూడూళ్లలో మొదటి ఊరికి ఇచ్చారు. కీళ్లనొప్పులని ఆ ఊరి వైద్యుడి దగ్గరికి పోయింది. పుస్తకం చూసి నాభి మందు ఇచ్చాడు. పొద్దు నడినెత్తికి రాకముందే పిల్ల ప్రాణం పోయింది.

పరుగున వచ్చిన ఓబులమ్మ కాళ్ల మీద పడ్డాడు ఆ వైద్యుడు.

"పుస్తకంలో ఎట్లుంటే అట్లే చేసినానమ్మా!"

"వేరు నానేసినావా నాయనా?"

"నానెయ్యాలని పుస్తకంలో లేదే!"

ఓబులమ్మ తన చేతులు చూసుకుంది. ఇరవై ఏళ్లుగా ఆ వేరును నానేసిన చేతులు. పుస్తకంలోంచి ఏ ఆకు దాచారో అర్థమైంది. తిన్నగా శరభయ్య ముందుకొచ్చి నిలబడింది.

"ఆకు ఇయ్యి సామీ."

"ఏ ఆకే?"

"ఆకు ఇయ్యి సామీ. ఇంకా రెండూళ్లున్నాయి."

"ఇంటి గుట్టు బజార్లో పెడతావా? ఈ ఇంటి ఉప్పు తిన్నావు!"

"నీ ఉప్పు నేను తిన్నా. నీ గుట్టు నా బిడ్డ తిన్నది. ఆకు ఇయ్యి సామీ!"

శరభయ్య తలుపు మూసుకున్నాడు.

"పుస్తకం నోరు నువ్వు కట్టినావు. నా నోరు ఎవడు కడతాడు?" అని ఓబులమ్మ నడక మొదలుపెట్టింది.

మొదటి ఊళ్లో చెప్పింది. వైద్యుడు ఏడుస్తూ రాసుకున్నాడు. రెండో ఊళ్లో చెప్పింది. వైద్యుడు తల దించుకుని రాసుకున్నాడు. మూడో ఊళ్లో వైద్యుడు కంబగిరయ్య. అరుగు మీద ఒక ముసలాయన మందుపొట్లం చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. నాభి మందే!

"నానెయ్యలేదు కదా సామీ? అది విషం, ఇయ్యొద్దు!"

కంబగిరయ్య పకపకా నవ్వాడు. "నూరే కూలిదానివి, నాకే శాస్త్రం చెబుతావా? రోలు ఎప్పుడైనా పురాణం చెప్పిందా?"

"రోలు చెప్పదు సామీ. రోట్లో నలిగింది చెబుతుంది."

"నువ్వు మింగయ్యా పెద్దాయనా, దాని మాటేంది!"

ముసలాయన పొట్లం విప్పి నోటికెత్తాడు. ఓబులమ్మ ఆ పొట్లం లాక్కుంది. "నరసింహా!" అని తన నోట్లో వేసుకుంది.

కాసేపటికే పెదవులు తిమ్మిరెక్కాయి. నాలుక మొద్దుబారింది. కంబగిరయ్య నవ్వు ఆగిపోయింది.

"మూడు రోజులు... గోమూత్రం. ఆపైన... పాలు. రాసుకో సామీ."

గంటం తీసి రాశాడు.

"చదువు."

చదివాడు.

మళ్లీ చదవమని చెయ్యి ఊపింది. చదివాడు. మూడోసారి చదివేసరికి వినడానికి ఆమె లేదు.

ఆ నరసింహస్వామి వేరులో విషం పెట్టాడు, ఆ విషం విరిచే దారీ పెట్టాడు. దారి దాచింది మాత్రం మనిషే నాయనా!

శరభయ్య పేరు ఇప్పుడు నేను చెబితేనే మీరు విన్నారు. ఓబులమ్మ పేరు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సీమలో వైద్యపుస్తకం ఎవరు రాసినా శుద్ధి చెప్పే ఆకునే మొదట రాస్తారు. దానికి పసుపు పూసి ఓబులమ్మ ఆకు అంటారు. అది లేని పుస్తకాన్ని ఏ వైద్యుడూ ఇంట్లోకి రానివ్వడు. వైద్యమే కాదు, ఎవడైనా విద్య సగం చెప్పి సగం మింగితే చాలు, కల్లంలో కూర్చున్న ముసలమ్మ కూడా నిలదీస్తుంది:

"ఓబులమ్మ ఆకు ఎక్కడ దాచినావురా?"