నూకరాజు గెలిచిన ఎనిమిది పాయింట్లు

గంధవరం రాజు అమరవర్ధనుడికి టేబుల్ టెన్నిస్ పిచ్చి. రాజుల కాలంలో టేబుల్ టెన్నిస్ ఏమిటి, ఫోన్లేమిటి అని నన్ను నిలదీయకండి. ఆ రాజ్యంలో ఉన్నాయి. నేను చెబుతున్నాను, మీరు వినండి.

ఒకరోజు రాజుగారు సభలోకి వస్తూనే ఫోను పైకెత్తి అందరికీ చూపించారు.

“ఇదిగో, మార్తాండంగారి వీడియో. నాగాస్త్రం సర్వ్. ఇది నేర్చుకుంటే వారం రోజుల్లో ఎవరినైనా ఓడించొచ్చట. మన అక్కమాంబగారు రెండేళ్ళుగా నాకేం నేర్పారు? కాళ్ళు కదపండి, బంతిని బల్ల మీద వెయ్యండి, అంతేగా. వచ్చే నెల పొరుగు రాజుతో నా ఆట ఉంది. మార్తాండంగారికి కబురు పెట్టాను, విడిదిలో దిగారు కూడా. ఎల్లుండి నుంచి ఆయనే నా గురువు. అక్కమాంబగారు ఇక ఇంటికి వెళ్ళొచ్చు.”

అక్కమాంబ ముప్పై ఏళ్ళుగా ఆ కోటలో ఆట నేర్పుతున్న మనిషి. ఆవిడకు ఆ బల్ల, ఆ బంతి తప్ప వేరే లోకం తెలియదు. పాపం, చేతిలోని బ్యాటును కొంగుతో తుడిచి మెల్లగా బల్ల మీద పెట్టేసింది. చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

రాజుగారి ఆటలకు స్కోరు చెప్పే ఉద్యోగి తిప్పన లేచాడు.

“మహారాజా, ఆ వీడియోని అంతగా నమ్మడం దేన్ని చూసి?”

“నాలుగు లక్షల మంది చూశారయ్యా దాన్ని. అంతమందీ వెర్రివాళ్ళా?”

“చూసినవాళ్ళు నాలుగు లక్షలు, ప్రభూ. నేర్చుకుని గెలిచినవాళ్ళు ఎంతమందో రాయలేదు.”

రాజుగారి మీసం కొంచెం కదిలింది. కానీ ఊరుకుంటారా?

“నేను కళ్ళారా చూశాను తిప్పనా. పది సర్వ్‌లు వేస్తే పదికి పది పాయింట్లు. కంటితో చూసింది కూడా అబద్ధమవుతుందా?”

“ప్రభువులు అంత మాట అన్నాక నేనెవరిని? ఒక్కరోజు గడువిప్పించండి. రేపు నేనూ ఒక వీడియో చూపిస్తాను. ఆ తర్వాత ఎవరిని గురువుగా పెట్టుకున్నా నోరెత్తను.”

రాజుగారికి వీడియో అంటే చాలు. సరేనన్నారు.

తిప్పన తిన్నగా వంటసాలకు వెళ్ళి, వంటవాడు నూకరాజును వెంటబెట్టుకుని విడిదికి చేరాడు.

“గురువుగారూ, మా నూకరాజుకు మీతో ఒక గంట ఆడాలని ముచ్చటండి. నేను వీడియో కూడా తీస్తాను.”

వీడియో అనగానే మార్తాండం ముఖం చేటంత అయింది. లోపలికెళ్ళి జుట్టు దువ్వుకుని మరీ వచ్చాడు.

నూకరాజు గరిటె పట్టే చేత్తో బ్యాటు పట్టడం అదే మొదలు. గంటలో పది గేములు ఆడారు, పదీ మార్తాండమే గెలిచాడు. గెలిచి, మీసం మెలేసుకుంటూ భోజనానికి వెళ్ళాడు. తిప్పన మాత్రం ఫోను పట్టుకుని ఒక గదిలో దూరి తలుపేసుకున్నాడు.

మర్నాడు సభలో పెద్ద తెర కట్టారు. మార్తాండాన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. డప్పుల మోతతో వీడియో మొదలైంది. పైన ఇంతింత అక్షరాలు: ‘గరిటాస్త్రం. మహాగురువునే మట్టి కరిపించిన వంటవాడు.’

నూకరాజు కొట్టాడు, బంతి బల్ల అంచుకు తగిలి పక్కకు పోయింది. మార్తాండానికి అందలేదు. మళ్ళీ కొట్టాడు, నెట్ మీద పాకి అవతల పడింది. మార్తాండం చూస్తూ ఉండిపోయాడు. మరోసారి పాపం కాలు జారి బల్ల కిందికి పోయాడు. అలా వరసగా ఎనిమిది పాయింట్లు, ఎనిమిదీ నూకరాజువే.

రాజుగారు సింహాసనం మీంచి లేచి నిలబడ్డారు.

“నూకరాజూ, ఇంత విద్య దాచుకుని ఇన్నాళ్ళూ మాకు పప్పు వండిపెడుతున్నావా? ఇక నుంచి నువ్వే మా గురువువి.”

సభలో ఒక మూల నిలబడ్డ నూకరాజు రెండడుగులు వెనక్కి వేశాడు. “అయ్యగారూ, నాకు పప్పే వచ్చండి.”

మార్తాండం ఇక కూర్చోలేకపోయాడు.

“అన్యాయం మహారాజా. నిన్న వంద పైచిలుకు పాయింట్లు నేను గెలిచాను. నా చేతిలోంచి జారినవి ఎనిమిదే. ఈయన ఆ ఎనిమిదీ ఏరి వరసగా అతికించాడు. అసలు స్కోరేది? ఆట మొదలేది, చివరేది? గెలిచినవీ ఓడినవీ అన్నీ చూపించకపోతే ఆ వీడియోని బుద్ధున్నవాడు ఎవడైనా నమ్ముతాడా?”

తిప్పన రెండు చేతులూ జోడించి వంగి దండం పెట్టాడు.

“నిన్నటి నుంచి నేను చెప్పలేక అవస్థ పడుతున్న మాట గురువుగారే చెప్పేశారు, మహారాజా. ఇప్పుడు వారి వీడియో మళ్ళీ ఒకసారి చూడండి.”

మార్తాండం మెల్లగా మళ్ళీ తన చోట కూర్చున్నాడు.

రాజుగారు ఫోను తీశారు. వెతికినా స్కోరు లేదు. ఎదురుగా ఆడుతున్న మనిషికి మొహమే లేదు, మోచెయ్యి ఒక్కటే కనిపిస్తోంది. ఆయన ఫోనును ముక్కు దగ్గరకు తెచ్చుకుని ఇంకా శ్రద్ధగా చూశారు.

“గురువుగారూ, మూడో సర్వ్ వేసినప్పుడు మీ వెనక గోడ గడియారంలో పదయింది. నాలుగో సర్వ్‌కి ఒంటిగంటయింది. మధ్యలో ఈ మూడు గంటలూ ఏం చేశారండీ?”

మార్తాండం పైకప్పు చూశాడు, నేల చూశాడు. చివరికి తనకే నవ్వొచ్చింది. చెడ్డవాడేం కాదు లెండి, పొగడ్త రుచి మరిగాడంతే.

“సర్వ్‌లే వేశాను మహారాజా. అన్నీ నెట్‌కి తగిలాయి.”

“మొత్తం ఎన్ని వేశారు?”

“మూడొందలు.”

“పడ్డవి?”

“మీరు చూసిన పదే.”

సభ గొల్లుమంది. అక్కమాంబ కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వింది.

“పది పడ్డాయంటే చేతిలో పనితనం ఉన్నట్టే నాయనా. రేపు పొద్దున్నే మహారాజుగారితో పాటు వచ్చెయ్. మిగతా రెండొందల తొంభై సంగతి నేను చూసుకుంటాను.”

రాజుగారు ఆవిడకు చిత్తమన్నట్టు తల వంచి, తన చేతి కంకణం తీసి తిప్పన చేతికి తొడిగి, నవ్వాపుకోలేక సింహాసనం మీద కూలబడ్డారు.